బండి మన్నిక, యజమాని నమ్మకం: సికింద్రాబాద్ చరిత్రలో మోటార్ సైకిల్

మోటార్ సైకిల్ మంచిచెడ్డల గురించి మాట్లాడేటప్పుడు తెలుగువారు మన్నిక, నమ్మకం అనే రెండు మాటలను దాదాపు ఒకే అర్థంలో వాడుతుంటారు గాని, చరిత్రలో ఈ రెండూ వేర్వేరు దారుల్లో నడిచాయి. యంత్రం ఎన్నేళ్లపాటు అరగకుండా, విరగకుండా పనిచేస్తుందన్నది మన్నిక; అది నడిదారిలో ఆగదనీ, ఆగినా తిరిగి నడిపించుకోగలమనీ యజమానికి ఉండే ధైర్యం నమ్మకం. మొదటిదాన్ని లెక్కగట్టి అంకెల్లో చెప్పవచ్చు. రెండవది బండితోపాటు మెకానిక్ చేతిపని మీద, విడిభాగాల లభ్యత మీద, నడిపేవారి ఓర్పు మీద ఆధారపడుతుంది. కాలక్రమంలో ఈ రెండింటి సంబంధం ఎలా మారిందో పరిశీలించడానికి సికింద్రాబాద్ తగిన క్షేత్రం.

మూడవ నిజాం సికందర్ జా పేరిట 1806లో ఏర్పడిన ఈ పట్టణం బ్రిటిష్ సైనిక స్థావరంగా పెరిగింది. 1893లో లాలాగూడలో వెలసిన నిజాం రైల్వే వర్క్‌షాపు వల్ల లేత్ పని, ఫిట్టింగ్ పని తెలిసిన కార్మికులు ఈ ప్రాంతంలో స్థిరపడ్డారు. సైనిక వాహనాల, ఆయుధాల మరమ్మతు బాధ్యతతో 1943లో ఏర్పడిన ఇ.ఎం.ఇ. దళానికి చెందిన సాంకేతిక కళాశాల తిరుమలగిరిలో ఉంది. హుస్సేన్ సాగర్‌కు చేరువలోని రాణీగంజ్ మోటారు విడిభాగాలకు, యంత్ర పరికరాలకు పేరుపడిన బజారు. రైల్వే, సైన్యం, బజారు అనే ఈ మూడింటి సామీప్యం వల్ల పాడైన యంత్రాన్ని పారవేయకుండా బాగుచేసి వాడుకోవడం ఇక్కడ ఒక సంప్రదాయంగా వేళ్లూనుకుంది.

స్వాతంత్ర్యానంతరం దిగుమతులపై ఆంక్షలు, ఉత్పత్తిపై లైసెన్సు విధానం అమలులో ఉన్న దశాబ్దాల్లో కొనుగోలుదారుకు దొరికే మోటార్ సైకిళ్లు వేళ్లమీద లెక్కించదగినన్నే. భారత సైన్యం సరిహద్దు గస్తీ కోసం బుల్లెట్ మోటార్ సైకిల్‌ను ఎంచుకున్న దరిమిలా 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడింది. 1961లో మైసూరు నుంచి జావా బండ్లు రాసాగాయి, వాటికే 1973 నుంచి యెజ్డీ అన్న పేరు వచ్చింది. ఎస్కార్ట్స్ సంస్థ పోలండ్ నమూనా ఆధారంగా రాజ్‌దూత్ బండ్లు తయారుచేసింది. ఎంపికకు ఇంత తక్కువ అవకాశమున్న కాలంలో ఏ బండి మంచిదన్న ప్రశ్న కంటే, చేతికందిన బండిని ఎలా నిలుపుకోవాలన్న ప్రశ్నే యజమానికి ముఖ్యమైంది.

ఆనాటి బుల్లెట్‌ను నేటి కొలతలతో తూచితే దానికి మంచి మార్కులు రావు. పోత ఇనుప సిలిండర్ గల ఆ ఇంజన్‌లో ప్యాకింగుల దగ్గర నూనె చెమర్చడం మామూలు విషయం. విద్యుత్తును తెంచి కలుపుతూ ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే పాయింట్లను తరచుగా శుభ్రం చేయాలి. వాల్వులను కదిలించే ట్యాపెట్ల సందును సరిచూస్తుండాలి. స్టార్ట్ చేయడం సైతం ఒక విద్యే. ఆమ్మీటర్ ముల్లు నడిమికి వచ్చేదాకా కిక్కును మెల్లగా తొక్కి, డీకంప్రెసర్ మీటతో సిలిండర్‌లోని ఒత్తిడిని విడిచి, ఆ తరువాతే బలంగా కిక్కు కొట్టాలి. లేకుంటే అది ఎదురు తన్నేది. ఇన్ని చిక్కులున్నా, ఏ లోపం ఏ శబ్దంతో బయటపడుతుందో యజమానికి తెలుసు, కొద్దిపాటి పనిముట్లతో దాన్ని సరిదిద్దగల మిస్త్రీ ప్రతి పేటలోనూ ఉన్నాడు. కనుక మన్నికలో తక్కువైన చోట కూడా బుల్లెట్ నమ్మకాన్ని నిలుపుకుంది.

మెకానిక్ షెడ్డులో పుట్టిన పదజాలమే ఆ రోజుల్లో బండి విలువను తేల్చే కొలమానం. పిస్టన్ రాపిడికి సిలిండర్ లోపలి గోడ అరిగి పొగ రావడం మొదలైతే ‘ఇంజన్ బోరుకు వచ్చింది’ అనేవారు. అప్పుడు సిలిండర్‌ను లేత్ షాపులో కొద్దిగా పెద్దది చేయించి, దానికి సరిపడే పెద్ద పిస్టన్‌ను వేయించేవారు. మొదటి యజమాని దగ్గరే ఉన్న బండిని ‘సింగిల్ హ్యాండ్’ అని, అంతవరకు విప్పని ఇంజన్‌ను ‘సీల్ ఇంజన్’ అని చెప్పుకోవడాన్ని బట్టి పాత బండి ధర నిర్ణయమయ్యేది. ఈ తీర్పులు ఎక్కడా అచ్చు కాలేదు గాని, వందలాది బండ్లను విప్పి చూసిన చేతుల అనుభవం వాటి వెనుక ఉంది.

1980లలో ఈ స్థితి మారింది. జపాన్ సంస్థల సహకారంతో 1984, 1986 సంవత్సరాల మధ్య ఇండ్-సుజుకి, హీరో హోండా, యమహా, కవాసకి బజాజ్ 100 సీసీ బండ్లు వరుసగా విపణిలోకి వచ్చాయి. వీటిలో 1985లో వచ్చిన రెండు బండ్లు యజమానుల అభిరుచిని రెండుగా చీల్చాయి. పెట్రోలులో నూనె కలిసి మండే టూ స్ట్రోక్ పద్ధతికి చెందిన యమహా ఆర్‌ఎక్స్ 100 చురుకుదనానికి పేరుపొందగా, నూనెను ఇంజన్ అడుగున విడిగా ఉంచే ఫోర్ స్ట్రోక్ పద్ధతికి చెందిన హీరో హోండా సీడీ 100 పొదుపుకు, తక్కువ మరమ్మతుకు పేరుపొందింది. పెట్రోలు నింపి ఇక బండి సంగతి మరచిపొమ్మన్న హీరో హోండా ప్రకటన, యజమాని యంత్రాన్ని ఎరిగి ఉండాలన్న పాత నియమానికే స్వస్తి పలికింది. మన్నిక అంటే బాగుచేయగలగడం కాదు, బాగుచేయవలసిన అవసరమే రాకపోవడం అన్న కొత్త అర్థం అప్పుడే స్థిరపడింది.

ఈ కొత్త అర్థానికి అంకెల రూపమిచ్చినవి యజమానుల సర్వేలు. జె.డి. పవర్ సంస్థ 2015లో భారతీయ ద్విచక్ర వాహనాలపై తొలి నాణ్యతా అధ్యయనాన్ని వెలువరించి, 100 బండ్లకు ఎన్ని సమస్యలు ఎదురయ్యాయన్న లెక్కను కొలతగా తీసుకుంది. అయితే ఆ లెక్క బండి కొన్న తొలి నెలలకే పరిమితం కావడం వల్ల, తయారీలోని లోపాన్ని పట్టివ్వగలదు గాని పదేళ్ల అరుగుదలను చెప్పలేదు. అదే ఏడాది అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 11,000కు పైగా మోటార్ సైకిళ్ల వివరాలను సేకరించగా, నాలుగేళ్ల వయసు బండ్లలో చెడిపోయే రేటు యమహాకు 11 శాతం, హార్లీ డేవిడ్‌సన్‌కు 26 శాతం, బీఎండబ్ల్యూకు 40 శాతం అని తేలింది. మళ్లీ అదే బండి కొంటారా అని అడిగినప్పుడు మాత్రం హార్లీ యజమానులలో 72 శాతం కొంటామన్నారు; తృప్తి విషయంలో ఆ బండి విక్టరీ బ్రాండ్ తరువాత రెండవ స్థానంలో నిలిచింది.

మన్నిక తగ్గినా నమ్మకం తగ్గనక్కరలేదన్న, బుల్లెట్ యజమానికి సికింద్రాబాద్ వీధుల్లో అనుభవమైన సంగతినే ఆ సర్వే అంకెలతో ధ్రువపరచింది. సర్వే, బండి ఎన్నిసార్లు ఆగిందో లెక్కిస్తుంది. యజమాని, ఆగిన తరువాత ఎంత సేపటికి, ఎంత ఖర్చుతో మళ్లీ బయలుదేరగలిగాడో గుర్తుంచుకుంటాడు. ఈ రెండింటిలో ఒకటి నిజమై మరొకటి భ్రమ కాదు. కొనబోయే వారికి సర్వే అంకె అవసరం, ఎందుకంటే ఒక్క యజమాని అనుభవం ఒక్క బండికే చెందుతుంది. అయితే విడిభాగం దొరికే దూరాన్ని, బాగుచేసే చేతిని లెక్కలోకి తీసుకోని అంకె సగం తీర్పే అవుతుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్ 6 ఉద్గార నియమాల వల్ల ఎక్కువ బండ్లలో కార్బురేటర్ స్థానాన్ని, సెన్సర్ల సూచన మేరకు ఇంధనాన్ని చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ ఆక్రమించింది. లోపాన్ని చెవితో పసిగట్టే నేర్పు చాలక, దాన్ని చదివి చెప్పే స్కానర్ పరికరం కూడా అవసరమైన ఈ కాలంలో, పేట మెకానిక్ తరతరాలుగా కూడబెట్టిన జ్ఞానం రాతలోకి ఎక్కకుండానే అంతరించే ప్రమాదముంది. సికింద్రాబాద్ షెడ్లలోని పాత మరమ్మతు పుస్తకాలు, రాణీగంజ్ దుకాణాల బిల్లులు, యజమానులు దాచుకున్న సర్వీసు కాగితాలు ఈ నగర పారిశ్రామిక చరిత్రకు ఆధారాలు. అవి ఎవరి ఇంట ఉన్నా పాత కాగితాల బండికి వేయక భద్రపరచాలి. షెడ్డులో పనిచేసే పెద్దల మాటలను వారు ఉండగానే నమోదు చేయాలి.