హన్నా సైకిలు తొక్కిన దారి
(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



వెనకటి రోజుల్లో వర్తకులు ఎద్దుల మీద సరుకు వేసుకుని గుంపులుగా దూరదేశాలు పోయేవారు. ఆ గుంపును మనవాళ్లు బిడారు అనేవారు. పారసీ వాళ్లు కార్వాన్ అన్నారు. ఆ మాటే ఇంగ్లీషులోకి పోయి కారవాన్ అయి, ఇవాళ చక్రాల మీద తిరిగే ఇల్లు అనే అర్థంలో మనదాకా వచ్చింది. అలాంటి ఇంట్లో మావారూ నేనూ 2018 మార్చిలో న్యూజీలాండ్ దక్షిణ దీవిలో పది రోజులు తిరిగాం. పొయ్యి, పడక, గిన్నెలు కడుక్కునే తొట్టి, అన్నీ ఆ బండిలోనే. అక్కడా మనలాగే ఎడమవైపునే నడుపుతారు గనుక మావారికి ఇబ్బంది లేకపోయింది. పప్పూ చారూ నేను వండుతూనే వున్నాను. దేశం మారితే మాత్రం పొయ్యి మనల్ని వదులుతుందా చెప్పండి!

అయితే నేను ఇవాళ మీకు చెప్పదలుచుకున్నది మా తిరుగుడు గురించి కాదు. ఆ దారిలో నాకు పరిచయమైన ఒక ఇల్లాలి గురించి. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ సంగతి తెలియాలంటే ముందు ఆ దారి సంగతి తెలియాలి.

దక్షిణ దీవిలో ఒటాగో అని ఒక ప్రాంతం వుంది. 1861లో గేబ్రియల్ రీడ్ అనే ఆయనకు అక్కడి ఒక లోయలో బంగారం కనబడింది. మరుసటి ఏడు హార్ట్‌లీ, రైలీ అనే ఇద్దరు ఇంకా లోపలికి పోయి, డన్‌స్టన్ అనే చోట ఏటిగట్టున 87 పౌన్ల బంగారం పోగుచేసుకొచ్చారు. ఇంకేముంది, జనం విరగబడ్డారు. కొన్నాళ్లకు పైపై బంగారం తరిగిపోయి వాళ్లు వేరే చోట్లకు వెళ్లిపోతుంటే, 1860లలోనే చైనావాళ్లను పిలిపించారు. పిలిపించినవాళ్లే 1881లో ఆ చైనావాళ్ల మీద తలకు ఇంత అని పన్ను వేశారు. అందుకు న్యూజీలాండ్ ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2002లో!

బంగారం తరిగినా మనుషులు మిగిలారు. గొర్రెలు పెంచారు, పళ్లతోటలు వేశారు. ఆ ఉన్నీ, ఆ పళ్లూ డునెడిన్ రేవుకు చేరాలంటే రైలు కావాలి. పని 1879లో మొదలైంది. పలుగూ పారా, మందుగుండు, మనిషి రెక్కలు, అవే సాధనాలు. టయెరి అనే ఏటి లోయ వెంబడి కొండలు తొలిచి, వాగుల మీద వంతెనలు నిలబెట్టి సాగారు. మిడిల్‌మార్చ్ అనే వూరికి రైలు 1891లో వచ్చింది. క్లైడ్ చేరింది 1907లో. అంటే మొదలుపెట్టిన ఇరవై ఎనిమిదేళ్లకు! పని మొదలైన రోజున పుట్టిన పిల్లకు, ఆ రైలు క్లైడ్ చేరేనాటికి ఇద్దరు ముగ్గురు పిల్లలుండి వుంటారు.

ఈ దారిలో కిందిభాగం మేము రైల్లోనే చూశాం. కారవాన్‌ని డునెడిన్‌లో వుంచి, 1906లో కట్టిన ఆ వూరి స్టేషనులో రైలెక్కాం. ఆ స్టేషను నేలనిండా ఏడున్నర లక్షల చిన్నచిన్న పింగాణీ బిళ్లలు పొదిగారు. ముగ్గు వేసినట్టుంది, తొక్కడానికి మనసొప్పలేదు. వింగటూయి దగ్గర 1887లో కట్టిన ఇనప వంతెన ఒకటి వుంది. పొడవు 197 మీటర్లు, ఎత్తు 47 మీటర్లు. రైలు దానిమీద మెల్లగా పోతుంటే నేను కళ్లు మూసుకున్నాను. మావారు రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, ఆయన కిటికీలోంచి తల బయట పెట్టి పట్టాల వెడల్పు చూస్తున్నారు! మన మీటరుగేజి కంటే రెండున్నర అంగుళాలు ఎక్కువట. మా ఇద్దరికీ మన అరకు రైలు గుర్తొచ్చింది. అదీ కొండలు తొలిచి ఇనుప ఖనిజం కోసం వేసిందే కదా. ఇప్పుడు అద్దాల పెట్టెలో కూర్చుని లోయలు చూడటానికి పోతున్నాం.

రోడ్లు బాగుపడి లారీలు వచ్చేసరికి ఆ రైలుకు సరుకు తగ్గిపోయింది. క్లైడ్ దగ్గర పెద్ద ఆనకట్ట కడుతున్నప్పుడు దానికి కావలసిన సామాను మోసింది. ఆ పని అవగానే, 1990లో, రైలు ఆపేశారు. పట్టాలు పీకేశారు. కిందిభాగం అరవై కిలోమీటర్లకు పైగా డునెడిన్ నగరపాలక సంస్థ కొన్నది, జనం చందాలు వేసుకున్నారు. అందుకని అక్కడ విహారానికి రైలు నిలిచింది. అదీ 2020లో కరోనా వచ్చినప్పుడు ఆగిపోయింది. తరువాత కొన్ని ప్రయాణాలు మళ్లీ మొదలైనా, మునుపటిలా మిడిల్‌మార్చ్ దాకా పోవడం లేదు.

మరి పైభాగం? మిడిల్‌మార్చ్ నుంచి క్లైడ్ దాకా 152 కిలోమీటర్లు. రైలు పోయాక ఆ వూళ్లు వెలవెలపోయాయి. ఆ కట్టను సైకిలు దారి చేద్దామని కొందరంటే, మా పొలాల పక్కనుంచి ఎవరెవరో తిరుగుతారు, వద్దని రైతులు కొందరు అడ్డుచెప్పారు. అయినా పని సాగింది. పట్టాల కింది కంకర మీద సన్నకంకర పరిచి చదును చేశారు, వంతెనలకు పలకలు కొట్టి పక్కన కమ్ములు పెట్టారు. 2000లో దారి తెరిచారు. రైలింజను నిట్టనిలువు ఎక్కలేదు గనుక కట్ట ఎక్కడా మరీ ఏటవాలుగా వుండదు. నాలాంటి మోకాళ్లవాళ్లకు అదే వరం. సైకిళ్లవాళ్లు రాగానే వూళ్లలో ఇళ్లవాళ్లు గదులు అద్దెకిచ్చారు, మూతపడబోయే కొట్లు నిలదొక్కుకున్నాయి. వెడర్‌బర్న్ అనే వూరివాళ్లయితే, రైలు పోయినప్పుడు తరలిపోయిన ఆకుపచ్చ రంగు గిడ్డంగిని వెతికి పట్టుకుని మళ్లీ తెచ్చి నిలబెట్టుకున్నారు.

ఆ వెడర్‌బర్న్‌లోనే మేము సైకిళ్లు అద్దెకు తీసుకున్నాం. చిన్నప్పుడు తెనాలిలో మా అన్నయ్య సైకిలు అడ్డతొక్కుడు తొక్కేదాన్ని. పన్నెండేళ్లు రాగానే “ఇంక చాల్లే, ఆడపిల్లవి” అన్నారు. మళ్లీ హ్యాండిలు పట్టుకున్నది అరవై రెండో యేట! మొదటి ఫర్లాంగు గుండె దడదడలాడింది. తరువాత కాళ్లకే గుర్తొచ్చింది. ఆ దారిలో అన్నిటికంటే ఎత్తయిన చోటు, 618 మీటర్లది, దాటి ఒటూరెహువా అనే చిన్న వూరు చేరాం. నేను చెప్పదలుచుకున్న ఇల్లాలు ఆ వూరావిడే. పేరు హన్నా హేస్.

ఆవిడ భర్త ఎర్నెస్ట్ హేస్. ఇద్దరూ 1882లో ఇంగ్లండు నుంచి వచ్చారు. ఆయన చేతిలో పనితనం వుంది. అప్పట్లో ఆ ప్రాంతాన్ని కుందేళ్లు పీడించేవి. తెల్లవాళ్లే తెచ్చి వదిలిన కుందేళ్లు, గొర్రెల గడ్డంతా మేసేసేవి. వాటికి గోధుమ తవుడు ముద్దలో విషం కలిపి ముక్కలుగా వేసేవారు. ఆ ముక్కలు కోసే యంత్రం ఎర్నెస్ట్ 1895లో తయారుచేశాడు. మట్టి ఇటుకల గోడలతో కర్మాగారం వెలిసింది. యంత్రమైతే తయారైంది, కొనేదెవరు? పొలానికీ పొలానికీ మధ్య మైళ్ల దూరం. ఆయన కొలిమి దగ్గర నుంచి కదిలితే పని ఆగిపోతుంది.

అప్పుడు హన్నా సైకిలెక్కింది. ఇంటినిండా పిల్లలు, చీలమండల దాకా గౌను, కంకర కూడా లేని బాటలు. పొలం పొలానికీ పోయి యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పి, ఆర్డర్లు రాసుకుని వచ్చేది. కొండలకు అవతలి మెకంజీ ప్రాంతం దాకా పోయిందట. రైతులకు ఏం కావాలో విని వచ్చి భర్తకు చెప్పేదేమో అని నాకనిపిస్తుంది. పుస్తకాల్లో ఆ మాట లేదు గాని, ఏ ఇల్లాలు మాత్రం చెప్పకుండా వుంటుంది? తరువాత 1920లలో కంచె తీగను బిగలాగే పనిముట్టు ఒకటి వాళ్ల కర్మాగారం నుంచి వచ్చి దేశదేశాలకూ పోయింది.

ఇది ఆవిడ ఒక్కదాని సాహసమే కాదు, ఆ కాలపు గాలి కూడా. 1892లో క్రైస్ట్‌చర్చ్ నగరంలో ఆడవాళ్లు తమకంటూ అటలాంటా అనే సైకిలు క్లబ్బు పెట్టుకున్నారు. ఆ మరుసటి యేడే, 1893 సెప్టెంబరు 19న, పార్లమెంటు ఎన్నికల్లో ఓటువేసే హక్కు ఆ దేశపు స్త్రీలకు వచ్చింది. అలా హక్కిచ్చిన స్వపరిపాలన దేశాల్లో మొదటిది న్యూజీలాండే. కేట్ షెపర్డ్ నాయకత్వాన ముప్ఫై వేల పైచిలుకు సంతకాలు పోగుచేశారు. ఆ కాగితాలన్నీ ఒకదానికొకటి అంటించి చుట్టచుట్టారు. దేనికి చుట్టారనుకున్నారు? చీపురు కర్ర ముక్కకు!

ఆ ఉద్యమానికి పునాది మద్యపాన నిషేధ సంఘం. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో సారా మీద తిరగబడ్డ మన ఆడవాళ్లు గుర్తుకు రావడంలేదూ? చిత్రమేమిటంటే, మేము ఆ దారి చివర క్లైడ్ చేరేసరికి కనబడినవన్నీ ద్రాక్షసారా తోటలే. బంగారం తవ్వి గడించిన ఫెరో అనే ఫ్రెంచివాడు 1864లోనే అక్కడ ద్రాక్ష నాటాడు, 1881లో సిడ్నీలో బహుమతి కూడా పొందాడు. ఆయన వెళ్లిపోయాక దాదాపు వందేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1980లలో మళ్లీ మొదలెట్టి పేరు తెచ్చుకున్నారు. పిట్టలు తినకుండా తీగలకు దోమతెరలాంటి వలలు కప్పారు. వసంతంలో మంచు పడే రాత్రి చిగుళ్ల మీద నీళ్లు చల్లుతూనే వుంటారట. ఆ నీరు గడ్డకట్టేటప్పుడు విడిచే వేడి చిగురును కాపాడుతుందట. మావారు ఒక గుక్క రుచి చూసి మొహం పులుపు తిన్నట్టు పెట్టారు. నేను ద్రాక్షపళ్లు తిన్నాను.

ఆ రాత్రి కారవాన్‌లో నాకు నిద్ర పట్టలేదు. తెనాలిలో మా నాన్నగారికి చిన్న ప్రెస్సు వుండేది. బోర్డు మీద ఆయన పేరు. లెక్కలు రాసింది మా అమ్మ. ప్రూఫులు దిద్దింది అమ్మ. బాకీలు వసూలు చేయడానికి ఎండలో నడిచి వెళ్లింది కూడా అమ్మే. ఆవిడ పోయాక అటకమీది లెక్కల పుస్తకాలు మేమే చిత్తుకాగితాల వాడికి తూకానికి వేశాం. మూడు రూపాయలో నాలుగు రూపాయలో వచ్చింది.

హేస్ కర్మాగారాన్ని మాత్రం 1975లో అక్కడి చారిత్రక కట్టడాల సంస్థ తీసుకుని ఎక్కడి పనిముట్టు అక్కడే వుంచింది. వాళ్ల ఇల్లూ వుంది. చూడవచ్చినవాళ్లకు భర్త యంత్రాల గురించి చెప్పి, వెంటనే భార్య సైకిలు గురించీ చెబుతారు. అందుకే నేను తెలుసుకోగలిగాను, మీకు చెప్పగలుగుతున్నాను.

మీ ఇంట్లో అమ్మవో అత్తగారివో పద్దుల పుస్తకాలు, ఉత్తరాలు, వంట లెక్కలు వుంటాయి. ఈసారి అటక దులిపినప్పుడు వాటిని పారేయకండి. ఒక మంచి గుడ్డలో కట్టి, పైన ఆవిడ పేరు రాసి పెట్టండి. నేను చేయలేకపోయిన పని గనుక మీకు చెబుతున్నాను.

సెలవు.