నవ్వుల తెర నుంచి వార్సా గెట్టో దాకా: డేవిడ్ సఫియర్ రచనా ప్రస్థానం

జర్మన్ టెలివిజన్‌లో హాస్య ధారావాహికల రచయితగా పేరు తెచ్చుకొని, నవలాకారుడిగా అంతకన్నా విస్తృతమైన పాఠకలోకాన్ని సంపాదించుకున్న డేవిడ్ సఫియర్ 1966లో ఉత్తర జర్మనీలోని బ్రెమెన్ నగరంలో జన్మించారు. ఆయన తండ్రి వియన్నా నుంచి పాలస్తీనాకు పారిపోయి ప్రాణాలు దక్కించుకున్న యూదుడు. తాత బుకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలోను, నానమ్మ యూదులను బంధించి ఉంచిన లోడ్జ్ గెట్టోలోను మరణించారు. ఈ కుటుంబ చరిత్ర ఆయన రచనల్లోకి నేరుగా రావడానికి చాలా ఏళ్లు పట్టినా, దాన్ని చెప్పగలిగిన శిల్పం మాత్రం హాస్య రచనలోనే రూపుదిద్దుకుంది.

పాత్రికేయ విద్య తరువాత బ్రెమెన్ రేడియోలో పనిచేసిన సఫియర్ 1990ల మధ్యలో టెలివిజన్ రచన వైపు మళ్లారు. 1984లో ప్రైవేటు ప్రసారాలు మొదలైన పశ్చిమ జర్మనీలో, ఆ తరువాత ఏకమైన జర్మనీలో, ఆర్‌టీఎల్ వంటి ఛానళ్లకు సిట్‌కామ్‌లు, అంటే అవే పాత్రలు అవే చోట్ల ప్రతివారం కొత్త చిక్కులో పడి అరగంటలో బయటపడే హాస్య నాటికలు, ఎడతెగకుండా కావలసి వచ్చేవి. ఆస్పత్రి నర్సు కథ ‘నికోలా’కు, కౌమారంలో ఉన్న అమ్మాయి లోకాన్ని చూసే తీరును చెప్పే ‘మైన్ లేబెన్ ఉండ్ ఇష్’కు ఆయన రచన చేశారు.

ఆయనకు అంతర్జాతీయ గుర్తింపు తెచ్చింది ప్రభుత్వ ప్రసార వ్యవస్థ ఏఆర్‌డీలో 2002 నుంచి 2005 వరకు వచ్చిన ‘బెర్లిన్, బెర్లిన్’. జర్మనీలో ప్రభుత్వ ఛానళ్లు రాత్రి 8 గంటల తరువాత వాణిజ్య ప్రకటనలు వేయరాదన్న నిబంధన ఉన్నందువల్ల, ప్రకటనల రాబడి అంతా 8 గంటల లోపు కార్యక్రమాల మీదే ఆధారపడుతుంది. యువ ప్రేక్షకులను ఆ సమయానికి రప్పించే బాధ్యత ఈ ధారావాహిక మీద పడింది. ప్రియుడి వెంట పల్లెపట్టు నుంచి రాజధానికి వచ్చి, అక్కడ అతడు మరొకరితో ఉన్నాడని తెలుసుకున్న లోలె అనే యువతి కథ ఇది. ఆమె బొమ్మల కథలు గీసే అమ్మాయి కావడంతో, పైకి చెప్పలేని మాటలను కార్టూన్ రూపంలోని మరో లోలె చెప్పేది. ఒకే పాత్ర అంతరంగంలో నుంచి లోకాన్ని చూపించే ఈ పద్ధతే తరువాత ఆయన నవలలకు పునాది అయింది. 2004లో ఈ ధారావాహికకు అంతర్జాతీయ ఎమ్మీ పురస్కారం లభించింది.

తొలి నవల ‘మీజెస్ కర్మ’ 2007లో వెలువడింది. పేరు ప్రతిష్ఠల కోసం భర్తను, చిన్న కూతురిని నిర్లక్ష్యం చేసిన టీవీ వ్యాఖ్యాత కిమ్ లాంగె, పురస్కారం అందుకున్న రోజునే రష్యా అంతరిక్ష కేంద్రం నుంచి ఊడిపడిన శకలం తగిలి మరణించి, చీమగా పుడుతుంది. బుద్ధుడు ఆమెకు కనిపించి కారణం చెబుతాడు. మంచి పనులు చేస్తూ మెట్టుమెట్టుగా పై జన్మలకు ఎక్కుతూ కుటుంబాన్ని చేరుకోవాలన్నదే ఆమె తపన. పూర్వజన్మ, కర్మఫలం అన్న భావాలతో పెరిగిన తెలుగు పాఠకుడికి ఇక్కడి కర్మ సిద్ధాంతం మరీ పలచగా, జమాఖర్చుల పద్దులా తోచడం సహజమే. అయినా అధికారం, అందం, మాట అన్నీ పోయిన ప్రాణి ఎదుటివారి కోసం ఏం చేయగలదన్న ప్రశ్నను నవల నిజాయితీగానే అడుగుతుంది. పుస్తకం జర్మనీలో చాలాకాలం అత్యధికంగా అమ్ముడైన వాటి జాబితాలో నిలిచింది.

తరువాతి నవలల్లో ‘జేసుస్ లీబ్ట్ మిష్’ 2012లో సినిమాగా వచ్చింది. పదవీ విరమణ చేసిన ఛాన్సలర్ మెర్కెల్‌ను అపరాధ పరిశోధకురాలిగా మార్చిన ‘మిస్ మెర్కెల్’ 2021లో మొదలైంది. ఇవి చదివించేవే గాని, ఆయన స్థానాన్ని నిర్ణయించేవి కావు.

ఆ స్థానాన్ని నిర్ణయించేది 2014 నాటి ‘28 టాగె లాంగ్’. 1940 నవంబరులో గోడ కట్టి మూసేసిన వార్సా గెట్టోలో నాజీలు 4 లక్షల మందికి పైగా యూదులను కుక్కారు. 1942 వేసవిలో అత్యధికులను ట్రెబ్లింకా మృత్యుశిబిరానికి తరలించారు. మిగిలినవారిలో కొందరు యువతీ యువకులు 1943 ఏప్రిల్ 19న ఆయుధాలు పట్టి, మే 16 వరకు, అంటే 28 రోజులు, సైన్యాన్ని ఎదిరించారు. ఆకలితో ఉన్న ఇంటివారి కోసం గోడ దాటి ఆహారం దొంగచాటుగా తెచ్చే 16 ఏళ్ల మీరా ఈ కథ చెబుతుంది. తన ప్రాణమా, ఎదుటివారి ప్రాణమా అన్న ఎంపిక ఆమెకు ప్రతి మలుపులో ఎదురవుతుంది. చీమగా పుట్టిన కిమ్‌కు ఎదురైన ప్రశ్నే ఇక్కడ తప్పించుకునే దారి లేని చోట నిలబడుతుంది. ఉత్తమ పురుష కథనం, పొట్టి సంభాషణలు, ప్రతి సన్నివేశం చివర పాఠకుణ్ని ముందుకు లాగే మలుపు, అన్నీ సిట్‌కామ్ రచన నేర్పినవే. ఇంతటి ఘోరాన్ని యువ పాఠకులు పుస్తకం మూసేయకుండా చదవగలగడానికి కారణం ఆ నేర్పే.

2023లో ఆయన తన తల్లిదండ్రుల జీవితం ఆధారంగా ‘జోలాంగె వియర్ లేబెన్’ అనే నవల రాశారు. హైస్కూలు దాటిన తెలుగు పిల్లలు యూదుల జాతిహననం గురించి పాఠ్యపుస్తకంలో చదివేది కొద్దిపాటే కనుక, తెలుగు ప్రచురణకర్తలు సఫియర్ రచనల్లో ఒక్కదాన్నే ఎంచుకోదలిస్తే మీరా కథనే ఎంచుకోవాలి.