క్రయవిక్రయ పదములు: కొంత విచారము

ఏటేట కార్తికామావాస్య మొదలు అయిదు దినములు పల్నాటి వీరుల ఉత్సవము జరుగు కారంపూడిలో అంగళ్లు వెలయును. అచట “వెల యెంత?” యన్నను “ఖరీదెంత?” యన్నను వర్తకు డొకే యుత్తరమిచ్చును. కాని యీ రెండు మాటల పుట్టుక వేఱు. ఖరీదనగా పారసీకమున కొనుట. తెలుగున నది ధరకు పేరైనది. క్రియ మూల్యవాచకమగుట మనకు క్రొత్తగాదు. ‘విలువ’ యనునదియు నట్టిదే.

విలువకు మూలమైన ‘విలుచు’ నేటి వాడుకలో లేదు. ప్రాచీన భాషలో దానికి కొనుట యని యర్థము. వింత యేమనగా, దీనికి సోదరమైన అరవపు ‘విల్’ ధాతువునకు అమ్ముట యని యర్థము! మన ‘వెల’, అరవపు ‘విలై’, కన్నడపు ‘బెలె’ యీ కుటుంబములోనివే. బరో, ఎమెనో పండితులు 1961లో ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు విలుచును విల్‌ను ఒక్కచోటనే చేర్చినది. ఒకే ధాతువు అరవమున అమ్మువానిని, తెలుగున కొనువానిని ఆశ్రయించుట కేమి కారణము? ‘వెలకు మార్చుట’ యే మూలార్థమై యుండునని మేము తలంచుచున్నాము. వెల ఇరువురి నడుమ నుండునది గదా.

శాసనములు చదువు విద్యార్థులు దీనిని మఱవరాదు. ఒకడు పొలము విలిచి గుడికిచ్చెనన్నచో, వాడు సొమ్ము పెట్టి కొని యిచ్చిన దాత. అరవపు టర్థమును తెచ్చి పెట్టినచో వాడు అమ్మకందారగును. భూమి యెవరినుండి యెవరికి చేరెనో యంతయు తలక్రిందగును.

‘కొను’ నకు గ్రహించుట యని విశాలార్థము కలదు. చేసికొను, తెలిసికొను అను రూపములలో నది నేటికిని నిలిచియున్నది. విలుచు మరుగుపడిన పిమ్మట వెలయిచ్చి గ్రహించుటకు కొనుయే దిక్కైనది.

‘బేహారము’ వ్యవహార శబ్దభవము. ‘బేరము’ దాని సంక్షిప్తరూపమని మాకు తోచుచున్నది. బేహారి కావ్యములకే పరిమితుడయ్యెను గాని బేరము జీవించియున్నది. బేరమాడుట ధర తగ్గింప జూచుట. “నేడు బేరములు లేవు” అని అంగడివాడు నిట్టూర్చినచో కొనువారు రాలేదని భావము. పాత వ్యాపారార్థము ఆ నిట్టూర్పులో దాగియున్నది.

త్రాసు సరకువైపు వంగుట మొగ్గు; తూచిన పిదప అడిగి వేయించుకొనునది కొసరు. ఒక పక్షమునకు మొగ్గు చూపిరని పత్రికలు వ్రాయునది యీ త్రాసు మాటయే. అంకెలు చూపు క్రొత్త త్రాసులలో మొగ్గు కంటికి కానరాదు. కూరగాయలు కొనువారు కొసరు మాత్ర మింకను అడుగుచునే యున్నారు.