రోమునుండి తెచ్చిన జ్ఞాపకవస్తువులు

దేశాంతరమునకు బోయినవాడు వట్టిచేతులతో నింటికి మరలుట యే జాతికిని సమ్మతము గాదు. కాశికేగిన మన పెద్దలు మూతికి సీలువేసిన గంగచెంబులను మోసికొని వచ్చి, బంధువులకు పంచి, సమారాధన చేసిన పిమ్మటనే యాత్ర ముగిసినదని తలంచెడివారు. ఆ చెంబు వెల స్వల్పము. దాని సొగసుతో నెవరికిని బనిలేదు. అందలి తీర్థమే దాని ప్రయోజనము. కేవలము వినోదయాత్రకు బోయి, పోయితిమనుటకు గుర్తుగా వస్తువులు కొనుట, ఆ కొనుగోళ్ళకొరకే యొక నగరమున వృత్తులు వర్ధిల్లుట, ఆ వృత్తులలో సత్యాసత్యములు కలగాపులగమగుట వేరొక చరిత్ర. దానికి పదునెనిమిదవ శతాబ్దమునాటి రోమునగరముకంటె మంచి యుదాహరణము మాకు గానరాదు.

ఆ కాలమున ఆంగ్లదేశపు ధనికుల కుమారులు చదువు ముగియగానే యొక యుపాధ్యాయుని వెంటబెట్టుకొని, ఫ్రాన్సు మీదుగా ఇటలీకి బోయి, ఏడాదికో రెండేండ్లకో తిరిగి వచ్చెడివారు. దీనిని ‘గ్రాండు టూరు’ అనిరి. 1670లో వెలువడిన రిచర్డు లాసెల్సు ఇటలీ యాత్రాగ్రంథమునం దీ పేరు కనబడుచున్నది. బాల్యమున వల్లెవేసిన లాటిను కవులు నడచిన నేలను కన్నులార జూచుట ఆ యాత్రకు జెప్పుకొనిన యుద్దేశము. శిష్యుని కట్టడిలో నుంచుటయు, ఖర్చులు పద్దు వ్రాయుటయు ఉపాధ్యాయుని పాలు. ఆ వృత్తిలోనివారము గనుక మాకు వారిపై కొంత జాలి గలదు.

ఇంత దూరము వచ్చినందుకు నిదర్శనము గావలెను గదా! ధనము మెండుగా గలవాడు రోములో పొంపెయో బతోని (1708–1787) యను చిత్రకారుని గృహమునకు బోయెడివాడు. అతడు వ్రాసిన పటమునందు యువకుడు హుందాగా నిలిచియుండును. ప్రక్కన నొక ప్రాచీనవిగ్రహమో, వెనుక శిథిలదేవాలయమో, సెయింటు పీటరు ఆలయపు గుమ్మటమో గోచరించును. బ్రిటిషు ద్వీపములవారి పటములే యతడు నూటయేబదికి మించి వ్రాసెను. ఒకే విగ్రహము వేర్వేరు దొరల సరసను మరల మరల ప్రత్యక్షమగుట చూచినచో, మొన్నమొన్నటివరకు మన ఛాయాచిత్రకారులు రంగుతెర ముందు మనలను నిలువబెట్టిన రీతి జ్ఞప్తికి వచ్చును.

అంత సొమ్ము లేనివానికి పిరనేసి (1720–1778) రాగిరేకులపై జెక్కి యచ్చొత్తిన రోముదృశ్యములు దొరకెడివి. ఆ వరుసలో మొత్తము 135 రేకులు గలవు. పిరనేసి శిథిలములను ఉన్నవానికంటె బెద్దవిగా, గంభీరముగా జూపెను. ఇంటివద్ద ఆ పటములను జూచి మురిసినవారు రోమునకు వచ్చి నిజమైన శిథిలములు చిన్నవిగా నున్నవేమని యాశ్చర్యపడవలసినదే. అయినను ఇందు మోసము లేదు. చిత్రకారుడు తన పనితనము నమ్మెను. కొన్నవాడు కాగితమును కాగితముగానే కొనెను. నగరమునుండి యొక్క రాయియు గదలలేదు.

రాళ్ళు గదలినది పాలరాతి విగ్రహముల యంగడులలో. భూమిలో దొరకిన విగ్రహములలో చాలవానికి తలయో చేయియో ముక్కో లేకుండెడిది. తల లేని విగ్రహమును భోజనశాలలో నిలుపుకొనుటకు దొరలకు మనసొప్పలేదు. కావున బర్తొలొమేయో కవచెప్పి మొదలైన శిల్పులు కొత్త యవయవములు చెక్కి యతికించిరి. ఈ కవచెప్పి 1768 మొదలు 1772 వరకు మూడు సంపుటములుగా బ్రకటించిన గ్రంథమునందు విగ్రహములను బాగుచేయు పద్ధతియే గాక, ప్రాచీనశిల్పముల వర్తకమున జరుగు వంచనలను గూర్చియు వ్రాసెను. వర్తకుడే వర్తకపు గుట్టు చెప్పుట విచిత్రమే. కాని కొనువారు చదివియు మారలేదు.

తామస్ జెంకిన్సు చిత్రకారుడు గాదలచి రోమునకు వచ్చి, వర్తకుడును వడ్డీవ్యాపారియు నైన యాంగ్లేయుడు. 1791లో తివోలి చెంత హేడ్రియను చక్రవర్తి విహారభూమిలో, చక్రము విసరబోవు క్రీడాకారుని పాలరాతివిగ్రహ మొకటి బయలుపడగా, జెంకిన్సు దానిని గొని చార్లెసు టౌన్లీ యను సంపన్నునకు అమ్మెను. గ్రీకుశిల్పి మైరను పోతపోసిన కంచువిగ్రహమునకు ఇది రోమనుకాలపు ప్రతిరూపము. మూలవిగ్రహపు క్రీడాకారుడు చక్రము పట్టిన చేతివైపు తల వెనుకకు ద్రిప్పి చూచుచుండెనని లూసియను అను ప్రాచీనరచయిత వర్ణించియున్నాడు. 1781లో రోములోనే దొరకిన మరియొక ప్రతిరూపమును ఆ విధముగనే యున్నది. టౌన్లీ విగ్రహమునకు బాగుచేసినవారు అతికించిన తల నేలవైపు చూచుచున్నది. ఆ తలయు వేరొక విగ్రహముదే. శిరస్సు దానిదేయని జెంకిన్సు నమ్మబలికెను. టౌన్లీకి సందేహము పూర్తిగా దీరలేదు, కాని విగ్రహమును వదలుకొనలేదు.

1805లో టౌన్లీ మరణింపగా అతని శిల్పములను బ్రిటిషు మ్యూజియమువారు ఇరువదివేల పౌనులకు గొనిరి. నేటికిని ఆ క్రీడాకారుడక్కడ తప్పు దిక్కునకు జూచుచునే యున్నాడు. (మన యమరావతీ శిల్పములును ఆ భవనముననే యున్నవి. అవి యాత్రికులు కొనితెచ్చినవి గావు. ఆ కథ వేరు.)

రోమునేలిన పోపులు నిద్రించుచుండిరని తలపరాదు. అనుమతి లేనిదే ప్రాచీనవస్తువులు సరిహద్దు దాటరాదను శాసనములు గలవు. కార్డినలు ఆల్బనీ విగ్రహముల సంచయమును పండ్రెండవ క్లెమెంటు పోపు 1733లో గొని, మరునాడు సంవత్సరమున కాపిటోలు కొండపై సర్వజనులకును జూపుటకేర్పాటు చేసెను. అయితే శాసనము వ్రాయుట యొకటి, సరిహద్దున నిలుచుట మరొకటి. వర్తకుని చేతిలో రొక్కమును, రాజ్యపు బొక్కసమున కరవును ఉన్నంతకాలము అనుమతిపత్రములకు గొదువ యెట్లుండును? పేదరాజ్యమున ధనికయాత్రికుని కోరికయే శాసనమని మా యభిప్రాయము.

ఈ యాత్రికులు నిజముగా నేమి కొనిరో తెలిసికొనుటకు ఒక యోడ మనకు సాయపడినది. 1778వ సంవత్సరాంతమున లివోర్నో రేవునుండి లండనునకు బయలుదేరిన వెస్టుమోర్లాండు అను వర్తకనౌకను, 1779 జనవరిలో ఫ్రెంచి యుద్ధనౌకలు రెండు పట్టుకొని స్పెయినులోని మాలగా రేవునకు జేర్చెను. అప్పుడు ఆంగ్లేయులకును ఫ్రెంచివారికిని యుద్ధము. అందలి సరకులో పార్మా జున్ను చక్రములు ముప్పదిరెండు. వానితోపాటు యాత్రికుల పెట్టెలు. స్పెయిను రాజగు మూడవ చార్లెసు ఆ కళావస్తువులను గొనిపించి మాడ్రిడులోని శాన్ ఫెర్నాందో కళాపరిషత్తున కొసగెను. మెంగ్సు వ్రాసిన పెర్సియసు–అండ్రోమిడా చిత్రము మాత్రము రష్యారాణి కేథరిను చేతికి జిక్కి, సెయింటు పీటర్సుబర్గునకు జేరినది.

పరిషత్తువారు వస్తువులపై ‘పి. వై.’ యని గుర్తు వేసిరి. ఆంగ్లేయులనుండి పట్టుకొనిన సొత్తు అనుటకు అది స్పానిషు పొడియక్షరముల గుర్తు. కాలక్రమమున ఆ యర్థమే మరుగుపడి, వస్తువులు గోడలపైనను గిడ్డంగులలోను చెదరినవి. ఇరువదవ శతాబ్దపు చివరిభాగమున స్పానిషు పండితులు పాత జాబితాలను వెలికిదీసి, పెట్టెలపై నున్న పొడియక్షరములను యజమానుల పేళ్ళతో సరిచూచి, ఏ పెట్టె యెవరిదో చాలవరకు దేల్చిరి. అందున్నవి యెట్టివి? పిరనేసి ముద్రితపటములు, దేశపటములు, చదువుచు అంచులలో వ్రాసికొనిన పుస్తకములు, ప్రసిద్ధచిత్రములకు నకళ్ళు, విసనకర్రలకు అమర్చుటకై చిత్రించిన పత్రములు, కొన్ని పాలరాతి విగ్రహములు. ఇందు నకలుగానే కొన్న నకళ్ళే మెండు. జెంకిన్సు బేరముల గురించి చదివి రోషపడిన మాకు ఈ జాబితా కొంత యూరట గలిగించినది.

ఆ పెట్టెలలో నొకటి కార్నువాలునకు జెందిన ఫ్రాన్సిసు బాసెట్టుది. తగరము, రాగి గనుల వలన వచ్చిన కలిమి వారిది. 1778లో బతోని వ్రాసిన యతని పటమును ఓడపాలై పోయెను. అతడు తరువాత పార్లమెంటు సభ్యుడై, ప్రభువై, 1835 వరకు జీవించెను. ఆ పటము అతని యింటి గోడ నెన్నడును జేరలేదు. మాడ్రిడులోని ప్రాడో చిత్రశాలలో నేడును ఆ యువకుడు సెయింటు పీటరు గుమ్మటమును వెనుకనిడుకొని, చేత రోమునగరపు పటము పట్టుకొని నిలిచియున్నాడు.