కట్లు విప్పిన చట్టం

తెలుగునాట నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆసుపత్రి. అమెరికాలో అది వృద్ధులు కడదాకా నివసించే చోటు. దాని పుట్టుక వెనుక ఒక చట్టం ఉంది. 1935 నాటి సామాజిక భద్రతా చట్టం, ప్రభుత్వ సంస్థలలో నివసించేవారికి వృద్ధాప్య సహాయాన్ని నిరాకరించింది. దానితో వృద్ధులు ప్రభుత్వ పేదల గృహాలను వీడి ప్రైవేటు గృహాలకు చేరసాగారు. 1965లో మెడికేర్, మెడికెయిడ్ వచ్చాక ప్రభుత్వ ధనమూ అటే ప్రవహించింది.

తనిఖీలు మాత్రం ఎక్కువగా భవనాన్ని, కాగితాలను చూశాయి. పడిపోతారన్న భయంతో వృద్ధులను మంచాలకు, కుర్చీలకు కట్టడం మామూలయింది. కట్టి ఉంచిన మనిషికి కండరాలు కృశిస్తాయి, ఒత్తిడి పుండ్లు పడతాయి, రక్షణే రోగమవుతుంది.

1986లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇచ్చిన నివేదిక, 1987 నాటి సంస్కరణ చట్టానికి దారి తీసింది. సిబ్బంది సౌలభ్యం కోసం కట్టివేయడాన్ని అది నిషేధించింది; సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణను విధించింది. అన్నిటికీ మించి, భవనం ఎలా ఉందన్న ప్రశ్నను మనిషి ఎలా ఉన్నాడన్న ప్రశ్నగా మార్చింది.

భారతదేశపు 2007 చట్టం తల్లిదండ్రుల పోషణను పిల్లల బాధ్యతగా చేసింది. ఆశ్రమాల ప్రమాణాలను రాష్ట్రాలకు వదిలింది. కనుక స్వదేశంలో అమ్మానాన్నలకు ఆశ్రమం వెదికే మనం, పాలరాతి నేలను చూసి తృప్తిపడకుండా, రాత్రివేళ పిలిస్తే పలికేది ఎవరని అడగాలి.