పార్శ్వపునొప్పి – నాడీకణ ఎంజైములు: ఒక చారిత్రక పరిశీలన

దక్షయజ్ఞం జరిగిన చోటుగా స్థలపురాణం చెప్పే ద్రాక్షారామం, సోమారామం వెలసిన భీమవరం రెండూ పంచారామ క్షేత్రాలే, గోదావరి డెల్టాలోనివే. తలలో ఒకవైపు పొడిచే బాధను తెలుగునాట పార్శ్వపునొప్పి అంటారు. సుశ్రుత సంహిత శిరోరోగాలలో అర్ధావభేదకాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నది. పేరు పాతదే అయినా దాని కారణాన్ని గురించిన ఆధునిక వివరణ గత శతాబ్దంలో రక్తనాళం నుంచి నాడీకణానికి మళ్లింది. ఈ మలుపునకు అవసరమైన జీవరసాయన భూమిక భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలో కనిపిస్తుంది.

హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన భాస్వరాన్ని రంగు ఆధారంగా కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలత ఆసరాతోనే 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ వెలుగుచూశాయి. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా ఏటీపీని గుర్తించారు. వారు వెదికినది కండరశక్తి రహస్యాన్ని, నొప్పిని కాదు. సుబ్బారావుకు తలనొప్పి పరిశోధనలో పాత్ర అంటగట్టడం అభిమానమే అవుతుంది గాని చరిత్ర కాదు. అయితే కణంలోని ప్రధాన సంకేతమార్గాలు ఆ అణువు మీదనే ఆధారపడి ఉన్నాయి. అడినైలిల్ సైక్లేజ్ అనే ఎంజైము ఏటీపీని చక్రీయ ఏఎంపీగా మారుస్తుంది. కైనేజులు ఏటీపీలోని ఫాస్ఫేటును తీసి ప్రోటీన్లకు తగిలిస్తాయి.

పార్శ్వపునొప్పి పరిశోధన ఈ మార్గానికి ఆలస్యంగా చేరింది. 1938లో గ్రాహం, వోల్ఫ్ ఎర్గొటమిన్ ప్రయోగాలతో బలపరచిన రక్తనాళ సిద్ధాంతం దశాబ్దాలపాటు నిలిచింది. 1982లో కాల్సిటోనిన్ జన్యువు నుంచే సీజీఆర్‌పీ అనే పెప్టైడు కూడా వెలువడుతుందని తేలింది. నొప్పి వచ్చిన వేళ మెడసిర రక్తంలో అది పెరుగుతున్నదని 1990లో గోడ్స్‌బీ, ఎడ్విన్‌సన్ చూపించారు. ఆ పెప్టైడు గ్రాహకాన్ని తాకితే అడినైలిల్ సైక్లేజ్ మేల్కొంటుంది. 2003లో డెన్మార్కు పరిశోధకులు, చక్రీయ జీఎంపీని విచ్ఛిన్నం చేసే ఎంజైమును అడ్డగించే సిల్డెనఫిల్‌ను 12 మంది రోగులకు ఇవ్వగా 10 మందికి నొప్పి వచ్చింది. మెదడు ధమని మాత్రం వ్యాకోచించలేదు. రక్తనాళ సిద్ధాంతానికి ఇంతకంటె ఇబ్బందికరమైన ఫలితం మరొకటి ఉండదు.

నెలకు 15 రోజులకు తక్కువ కాకుండా, 3 నెలలకు మించి తలనొప్పి ఉండి, అందులో కనీసం 8 రోజులు పార్శ్వపునొప్పి లక్షణాలు కనిపిస్తే దానిని దీర్ఘకాలికమంటారు. ఈ దశలో దువ్వెన తగిలినా కొందరికి బాధ కలుగుతుంది. జంతు ప్రయోగాలలో కైనేజులు నాడీకణపు గ్రాహకాలకు, అయాన్ మార్గాలకు ఫాస్ఫేటు తగిలించి, స్వల్ప ప్రేరణకే కణం స్పందించేట్లు చేయడం కనిపించింది. రోగిది ఒట్టి నసుగుడని ఇంట్లోవారు కొట్టిపారేయడానికి ఇక ఆస్కారం లేదు.

2018లో అమెరికాలో ఆమోదం పొందిన ఎరెన్యుమాబ్ సీజీఆర్‌పీ గ్రాహకాన్ని కణం వెలుపలి నుంచే మూసివేస్తుంది. లోపలి కైనేజులను నేరుగా అణచడం తేలిక కాదు. అవే ఎంజైములు గుండెలోను, కాలేయంలోను, జ్ఞాపకం ఏర్పడడంలోను పనిచేస్తున్నాయి.