తెరిచి ఉన్న ఆరో నంబరు

ఎంటర్ కొట్టారు. ఈటీసీ డైరెక్టరీలోని హోస్ట్స్ ఫైలు కావాలని అడిగారు, క్షణంలో వచ్చేసింది. 127.0.0.1, పక్కన లోకల్‌హోస్ట్, కింద ఇంకొన్ని లైన్లు. అంతా బాగానే ఉంది గానీ డాలర్ గుర్తు రాలేదు. ప్రోగ్రాము ముగిస్తే షెల్ మళ్లీ పలకాలి కదా! ఇంకోసారి ఎంటర్ కొట్టండి. కర్సరు ఒక లైను కిందికి దిగింది, అంతే.

అప్పుడే కంట్రోల్-సీ జోలికి వెళ్లకండి. ఈ కోడులో ఒక లైను కావాలనే వదిలేశాం.

రిచర్డ్ స్టీవెన్స్ రాసిన యునిక్స్ నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ పుస్తకం తిరగేసినవాళ్లకి ఈ జంట తెలిసిందే. క్లయింటు ఫైలు పేరు పంపుతుంది, సర్వరు ఆ ఫైలు తెరిచి అందులో ఉన్నది తిరిగి పంపుతుంది. ఇద్దరి మధ్యా రాకపోకలు పైపుల మీదుగానే. లైనక్స్ పైపులో డేటా ఒకవైపే పారుతుంది కాబట్టి పోవడానికొకటి, రావడానికొకటి కావాలి. మొదటి పైపుకి కెర్నెల్ 3, 4 నంబర్లు ఇచ్చింది, రెండోదానికి 5, 6. బేసి సంఖ్యలు చదివే కొనలు, సరి సంఖ్యలు రాసే కొనలు. ఆ తర్వాత ఫోర్క్. ఒక ప్రాసెస్ రెండయింది. నాలుగు కొనలూ ఇద్దరి దగ్గరా ఉన్నాయి. ఎవరికి అక్కర్లేనివి వాళ్లు మూసుకోవాలి.

పక్కన రెండో టెర్మినల్ తెరిచి పీఎస్ -e కొట్టండి. సర్వరు పేరు పక్కన డీఫంక్ట్ అని ఉంది. అంటే దాని పని ఎప్పుడో అయిపోయింది. క్లయింటు మాత్రం నిద్రలో ఉంది. పంపేవాడే లేనప్పుడు ఇది ఎవరికోసం కూర్చున్నట్టు?

క్లయింటు ప్రాసెస్ నంబరు పట్టుకుని ప్రాక్ డైరెక్టరీలోకి, అక్కడి నుంచి దాని ఎఫ్‌డీలోకి వెళ్లండి. 0, 1, 2 మామూలే. 3 మూసేశాం, లేదు. 4, 5, 6 ఉన్నాయి. 5 ఎదురుగా పైప్ అని రాసి, బ్రాకెట్లలో పొడవాటి సంఖ్య ఉంది. 6 ఎదురుగా ఉన్నదాన్ని అంకె అంకె పోల్చి చూడండి. అదే సంఖ్య! ఒకే పైపు రెండు కొనలూ క్లయింటు చేతిలోనే ఉన్నాయి.

కెర్నెల్ లెక్క సూటిగా ఉంటుంది. రాసే కొన ఎవరి దగ్గర తెరిచి ఉన్నా ఇంకేదో రావచ్చనుకుని, చదివేవాణ్ని ఆపి ఉంచుతుంది. అన్నీ మూశాకే రీడ్ సున్నా తెచ్చిస్తుంది. ఇక్కడ రాయగలిగినవాడు క్లయింటు ఒక్కడే. తన ఉత్తరం కోసం తనే కాచుక్కూచున్నాడన్నమాట.

బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెక్‌ఇల్‌రాయ్ 1964లోనే రాశాడు, తోటకి నీళ్లు పట్టే గొట్టాల్లా ప్రోగ్రాముల్ని ఒకదానికొకటి బిగించుకునే వీలుండాలని. 1973లో కెన్ థాంప్సన్ దాన్ని యునిక్స్‌లో పెట్టాడు. పాఠాల్లోనూ ఈ బిగింపుతోనే బోర్డు నిండిపోతుంది. నన్నడిగితే సగం పాఠం మూయడం మీదే చెప్పాలి.

ఇప్పుడు కంట్రోల్-సీ. కోడులో ఫోర్క్ కింద, క్లయింటు భాగంలో, 6ని మూసే లైను చేర్చి కంపైల్ చేయండి. హోస్ట్స్ ఫైలు వచ్చింది, వెంటనే డాలర్ కూడా వచ్చింది.

అటువైపు సంగతీ చూద్దాం. క్లయింటు చదవడం మొదలుపెట్టేముందు ఒక నిమిషం స్లీప్ పెట్టి, బాగా పెద్ద లాగ్ ఫైలు అడగండి. మామూలు లైనక్స్‌లో పైపు 65,536 బైట్లు పడుతుంది. అది నిండగానే సర్వరు ఆగిపోయింది. రెండో టెర్మినల్ నుంచి క్లయింటుని కిల్ చేయండి. చదివేవాడు లేని పైపులోకి రాయబోయినందుకు సర్వరుకి 13వ నంబరు సిగ్నల్, సిగ్‌పైప్ పడింది. పీఎస్‌లో వెతికితే దాని జాడ లేదు.

ఇక సర్వరు వైపు 5ని మూసే లైను తీసేసి ఇదంతా మళ్లీ చేయండి. ఈసారి క్లయింటు పోయినా చదివే కొన సర్వరు దగ్గరే తెరిచి ఉంది కాబట్టి సిగ్నల్ రాదు. పీఎస్‌లో సర్వరు అలాగే కనిపిస్తోంది. దాన్ని కూడా మీరే కిల్ కొట్టాలి.